ఎస్‌బీసీ పెట్టేటప్పుడు వినకూడని సలహాలు

రాజమండ్రి దానవాయిపేటలో ఆసుపత్రులు, భీమవరంలో రొయ్యలు కొనే ఆఫీసులు, కడియం వైపు నర్సరీలు. ఇలాంటి చోట్ల బల్ల మీది ఫోను చాలావరకు ఇంటర్నెట్ మీదికి వచ్చేసింది, వస్తోంది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడే నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, టెలిఫోను మూడూ ఒకే పెట్టెలోంచి ఇస్తామన్నారు. ఇంటికైతే ఆ పెట్టె చాలు. ఇరవై బల్లలున్న ఆఫీసుకు చాలదు. అక్కడ టెలిఫోను కంపెనీ నుంచి ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ మోసే సిప్ ట్రంక్ తీసుకుంటారు, లోపల ఐపీ ఎక్స్ఛేంజి పెడతారు, రెండిటికీ మధ్య సెషన్ బోర్డర్ కంట్రోలర్ అనే పెట్టె కూర్చుంటుంది. వాడుకలో ఎస్‌బీసీ. బయటికి పోయే ప్రతి కాల్, లోపలికి వచ్చే ప్రతి కాల్ దాని చేతుల మీదుగానే నడవాలి.

దీన్ని పెట్టించాక మొదటి వారంలో వచ్చే జబ్బు దాదాపు ఎప్పుడూ ఒకటే. పేషెంటు తాలూకు వాళ్లు అమలాపురం నుంచి ఆసుపత్రికి ఫోన్ చేస్తారు. రిసెప్షన్లో అమ్మాయి ఎత్తి "చెప్పండి" అంటుంది. ఆమె మాట అవతలికి వెళుతుంది, అవతలి మాట ఇటు రాదు. రెండుసార్లు "హలో" అని ఆమె పెట్టేస్తుంది. అవతల వాళ్లకు మాత్రం ఆమె గొంతు శుభ్రంగా వినిపించింది. తాము మాట్లాడుతుండగానే పెట్టేసిందని వాళ్లు బాధపడతారు. తప్పు ఆ అమ్మాయిదీ కాదు, వాళ్లదీ కాదు. ఈ ఒక్క కారణానికే ఈ విషయం మీద ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఇలా జరిగినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు సలహాలు చెబుతారు. కేబుల్ ఆపరేటరు ఒకటి, ఫోన్లు అమ్మిన షాపు వాళ్లు ఒకటి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న బావమరిది ఇంకొకటి. అందరూ మంచికే చెబుతారు. ఆ సలహాల్లో ఎక్కువ భాగం తప్పు. కొన్ని ప్రమాదం కూడా. అవి ఎందుకు తప్పో తెలియాలంటే ముందు చిరునామా సంగతి తెలియాలి.

ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. పంచడానికి ప్రపంచం దగ్గరున్న నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. మన ఊళ్లలో ఇంటింటికీ ఫైబర్ వచ్చింది ఆ తర్వాతే. అందుకని ఆఫీసు మొత్తానికి, ఒక్కోసారి వీధి మొత్తానికి, ఒకే చిరునామా ఇచ్చి సరిపెడుతున్నారు. లోపలి పరికరాలకు 192.168తోనో 10తోనో మొదలయ్యే సొంత చిరునామాలు ఉంటాయి. సమాచారం బయటికి వెళ్లేటప్పుడు రౌటరు లోపలి చిరునామా తీసి బయటిది అంటిస్తుంది. ఈ మార్పిడినే నాట్ అంటారు.

ఊళ్లో వాడికి "రామాలయం పక్క ఇల్లు" అంటే చాలు, కళ్లు మూసుకుని వచ్చేస్తాడు. కువైట్ నుంచి ఉత్తరం రాసేవాడికి అదే చిరునామా ఇస్తే ఆ ఉత్తరం ఎక్కడికి చేరుతుంది? గోదావరి జిల్లాల్లో రామాలయం లేని ఊరేది? 192.168.1.10 అచ్చం అలాంటి చిరునామా. వెబ్ పేజీ చూసేటప్పుడు దానితో ఇబ్బంది లేదు. ఎందుకంటే కవరు మీది చిరునామాను రౌటరు మారుస్తుంది, జవాబు ఆ కవరు మీది చిరునామాకే వస్తుంది. ఫోన్ కాల్ సంగతి వేరు. కాల్ కలిపే సిప్ సందేశం లోపల, ఎస్‌డీపీ అనే భాగంలో, "నీ గొంతు ఈ చిరునామాకు, ఈ పోర్టుకు పంపు" అని మరోసారి రాసి ఉంటుంది. రౌటరు కవరు మారుస్తుంది గాని ఉత్తరం విప్పదు. అవతలి కంపెనీ ఉత్తరంలో చూసిన 192.168 చిరునామాకు గొంతు పంపుతుంది. అది ఎటూ చేరదు. ఇవతలి గొంతు మాత్రం అసలు చిరునామా ఉన్న కంపెనీకి సుఖంగా వెళ్లిపోతుంది. రిసెప్షన్ అమ్మాయి కష్టం అంతా ఇదే.

సిప్ మొదటి ప్రమాణం 1999లో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నది, ఆర్‌ఎఫ్‌సీ 3261, 2002 జూన్‌లో వచ్చింది. రెండు కొసల పరికరాలూ తమ చిరునామాలు తామే చెప్పుకుని నేరుగా మాట్లాడుకుంటాయన్న నమ్మకం మీద దాన్ని కట్టారు. నాట్‌ను దాటే ఉపాయాలన్నీ తర్వాత ఒక్కొక్కటిగా అతికించినవి. కాబట్టి ఎస్‌బీసీ పెట్టేవాడి ముఖ్యమైన పని ఒక్కటే: బయటివాళ్లకు ఆ పెట్టె తన గురించి నిజం చెప్పేలా చేయడం. ఇప్పుడు సలహాలకు వద్దాం.

"స్టాటిక్ ఐపీ తీసుకోండి, అంతా సర్దుకుంటుంది"

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది ఇదే. స్టాటిక్ ఐపీ కావాల్సిందే, అందులో అనుమానం లేదు. చిరునామా రోజుకోసారి మారుతుంటే టెలిఫోను కంపెనీ మనల్ని గుర్తుపట్టలేదు. కానీ స్టాటిక్ ఐపీ వచ్చేది రౌటరుకు. ఎస్‌బీసీ రౌటరు వెనకాల కూర్చుని ఉంది. దానికి ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే అది తనకు తెలిసిన 192.168.1.10నే ఉత్తరంలో రాస్తూ పోతుంది. నెలనెలా డబ్బు కట్టినా జబ్బు అలాగే ఉంటుంది.

చేయాల్సింది ఇది. ఎస్‌బీసీలో బయటి వైపు ఇంటర్‌ఫేసుకు రెండు చిరునామాలు చెప్పాలి: తనకు నిజంగా ఉన్న లోపలి చిరునామా, లోకానికి చెప్పుకోవలసిన పబ్లిక్ చిరునామా. ఆస్టెరిస్క్ అనే సాఫ్ట్‌వేరులో పబ్లిక్ చిరునామా రాసే రెండు చోట్లను ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ అంటారు. ఫ్రీస్విచ్‌లో సిప్‌కు ఒకటి, గొంతు మోసే ఆర్‌టీపీకి ఒకటి వేరువేరుగా ఉంటాయి. కంపెనీ పెట్టెల్లో పేర్లు మారతాయి, సంగతి మారదు. రెండూ నింపాలి. సిగ్నలింగ్ ఒక్కటే నింపి మీడియా మరిచిపోతే ఫోను మోగుతుంది, ఎత్తుతారు, గొంతు రాదు.

ఇక్కడే ఎదురు తప్పు కూడా జరుగుతుంది. పబ్లిక్ చిరునామాను రెండు వైపులా చెప్పేలా పెట్టేస్తారు. అప్పుడు పక్క గదిలోని ఫోను కూడా తన గొంతును రౌటరు బయటి చిరునామాకు పంపుతుంది. అలా వెళ్లినదాన్ని వెనక్కి తిప్పి లోపలికి పంపడం చాలా రౌటర్లకు చేతకాదు. లోపలి నెట్‌వర్కు ఏదో "లోకల్ నెట్" దగ్గర స్పష్టంగా రాయాలి. లోపలివాళ్లకు లోపలి చిరునామా, బయటివాళ్లకు బయటిది.

స్టాటిక్ ఐపీ అని చెప్పి ఇచ్చినది నిజంగా పబ్లిక్ ఐపీయేనా అన్నది కూడా చూసుకోవాలి. "ఆయ్, స్టాటిక్కే ఇచ్చామండి" అంటారు. ఫైబర్ పెట్టెలో వాన్ పేజీ, అంటే బయటి వైపు చిరునామా చూపే పేజీ, తెరవండి. అక్కడ 100.64 నుంచి 100.127 లోపు చిరునామా గాని, 10తో మొదలయ్యేది గాని కనిపిస్తే మీరు రెండు నాట్‌ల వెనక ఉన్నట్టు. మొదటిది మీ రౌటరు, రెండోది ప్రొవైడర్ దగ్గరది. 100.64తో మొదలయ్యే ఆ వరుసను 2012లో సరిగ్గా ఇలాంటి పంపకం కోసమే కేటాయించారు. అది రోజూ మారకపోయినా బయటివాళ్లకు పనికిరాదు. మీ రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి కాల్ మీ గుమ్మందాకా రాదు. అసలు పబ్లిక్ చిరునామా అడిగి తీసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

"5060 పోర్టు తెరవండి. అప్పటికీ అవకపోతే డీఎంజెడ్‌లో పెట్టేయండి"

5060 మీద నడిచేది కాల్ కలిపే మాటలు మాత్రమే. అసలు గొంతు ఆర్‌టీపీ మీద వేరే పోర్టుల్లో నడుస్తుంది. ఒక్కో కాల్‌కు బయటి వైపు రెండు పోర్టులు కావాలి, ఒకటి గొంతుకు, దాని పక్కది లెక్కలకు. ఒకేసారి 30 కాల్స్ నడిచే ఆఫీసుకు 60 పోర్టులు. ఖాళీ అయిన పోర్టు వెంటనే వాడకుండా ఉండటానికి కొంత వెసులుబాటు వేసుకుంటే 200 చాలు. ఆస్టెరిస్క్ నమూనా ఫైల్లో 10000 నుంచి 20000 వరకు ఉందని అన్నీ తెరిచేవాళ్లున్నారు. అంత అక్కర్లేదు. ఎస్‌బీసీలో వరుసను కుదించి, రౌటరులో సరిగ్గా అంతే ఫార్వర్డ్ చేయండి. లోపల ఏ నంబరో బయటా అదే నంబరు ఉండాలి. ఎస్‌బీసీ ఉత్తరంలో 20010 అని రాస్తే, రౌటరు బయటికి పంపేటప్పుడు దాన్ని 41000 చేసేస్తే మళ్లీ అబద్ధమే అవుతుంది. అవకాశం ఉంటే ఎస్‌బీసీకి ఒక పబ్లిక్ చిరునామా పూర్తిగా కేటాయించి ఒకటికి ఒకటి నాట్ పెట్టించండి. పోర్టుల మార్పిడి గొడవ మొత్తం పోతుంది.

ఇక డీఎంజెడ్. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత హానికరమైన సలహా ఇదే. డీఎంజెడ్ అంటే ఆ పెట్టె తలుపులన్నీ లోకానికి బార్లా తెరవడం. 5060ను వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, అవి పగలూ రాత్రీ ఆగవు. తెరిచిన పెట్టె కనబడగానే 100, 101, 200 అంటూ ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఊహిస్తాయి, తేలిక పాస్‌వర్డులు ప్రయత్నిస్తాయి. ఒక్కటి దొరికితే ఆ రాత్రి మీ లైను మీద ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ పోతాయి. శనివారం సాయంత్రం ఆఫీసు మూసి సోమవారం తెరిచేసరికి బిల్లు తయారు. కట్టాల్సింది మీరే. 5060 బదులు 5080 పెడితే దొంగలు రారనేది కూడా నమ్మకండి. రద్దీ తగ్గుతుంది, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

టెలిఫోను కంపెనీని అడిగి వాళ్ల సిగ్నలింగ్ చిరునామాలు, మీడియా చిరునామాలు రాయించుకోండి. చాలాసార్లు రెండూ వేరువేరుగా ఉంటాయి, రెండూ అడగాలి. ఫైర్‌వాల్‌లో ఆ చిరునామాల నుంచి తప్ప 5060కు, ఆర్‌టీపీ వరుసకు మరెవరూ రాకుండా కట్టండి. విదేశీ కాల్స్ మొత్తం మూసి, కావాలన్న బల్లకు మాత్రమే, కావాలన్న దేశానికి మాత్రమే తెరవండి. రొయ్యల ఎగుమతి ఆఫీసులో విదేశాలకు మాట్లాడేది ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా ఫోన్లకు ఆ దారి ఎందుకు?

"సిప్ ఏఎల్‌జీ ఆన్ చేయండి, రౌటరే చూసుకుంటుంది"

పేరు చూస్తే ఇదే మందులా ఉంటుంది. రౌటరే ఉత్తరం విప్పి లోపలి చిరునామాను దిద్దుతుందన్నది దీని ఉద్దేశం. ఆచరణలో చవక రౌటర్లలో ఇది సగం చోట్ల దిద్ది, సగం చోట్ల వదిలేస్తుంది. ఎస్‌బీసీ ఇప్పటికే సరైన చిరునామా రాసి పంపితే దాన్ని మళ్లీ కెలికి పాడుచేస్తుంది. కొన్ని కాల్స్ బాగుండి కొన్ని పాడవుతుంటే, ఎక్కడా ఒక పద్ధతి కనబడకపోతే, ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఆపేయండి. రౌటరులో ఆపితే సరిపోదు, ఫైబర్ పెట్టెలో కూడా ఆపాలి. చాలా ఫైబర్ పెట్టెల్లో మామూలు లాగిన్‌కు ఆ పేజీ కనబడదు, ఆపరేటరును అడిగి ఆపించాలి. ఆపారో లేదో తెలుసుకోవడానికి నమ్మకమైన దారి ఒకటుంది. ఎస్‌బీసీ నుంచి బయలుదేరిన ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే) సందేశాన్ని క్యాప్చర్ చేయండి, అదే సందేశం తమకు ఎలా అందిందో టెలిఫోను కంపెనీ వాళ్లను అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దారిలో ఎవరు చెయ్యి పెట్టారో తెలిసిపోతుంది. కంపెనీ ఒప్పుకుంటే సిగ్నలింగ్‌ను టీఎల్ఎస్ మీద, 5061 పోర్టులో నడపండి. టీఎల్ఎస్ సందేశాన్ని గుప్తంగా మార్చి పంపుతుంది. అలా సీలు వేసిన ఉత్తరాన్ని ఏ రౌటరూ విప్పలేదు.

"అరనిమిషానికి కట్ అవుతోందా? లైను బాగోలేదు, కంపెనీ మార్చండి"

లైను బాగోలేనప్పుడు కాల్ ఒక్కోసారి పది సెకన్లకు, ఒక్కోసారి మూడు నిమిషాలకు తెగుతుంది. గొంతు రెండు వైపులా శుభ్రంగా వినిపిస్తూ, ప్రతిసారీ సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందంటే అది లైను కాదు. సిప్ గడియారం.

బయటి కాల్‌ను మనం ఎత్తగానే ఎస్‌బీసీ "ఎత్తాను" అని చెబుతుంది, దాంతోపాటు "ఇకమీదట నాతో ఈ చిరునామాలో మాట్లాడు" అని కాంటాక్ట్ రాస్తుంది. అవతలివాళ్లు అందుకు యాక్ అనే రసీదు పంపాలి. కాంటాక్ట్‌లో లోపలి చిరునామా ఉంటే ఆ రసీదు దారిలోనే పోతుంది. ఎస్‌బీసీ "ఎత్తాను" అని మళ్లీ మళ్లీ పంపుతుంది. ప్రమాణం ప్రకారం మొదటి గడువు అర సెకను, మొత్తం ఓపిక దానికి 64 రెట్లు. అంటే 32 సెకన్లు. అప్పటికీ రసీదు రాకపోతే కాల్ తెంచేస్తుంది. కంపెనీ మార్చినా కొత్త కంపెనీ లైను మీద కూడా 32 సెకన్లకే తెగుతుంది. కాంటాక్ట్‌లో పబ్లిక్ చిరునామా పడేలా చేయండి.

చేతి గడియారం పట్టుకుని కొలవడం కంటే గొప్ప పరికరం ఇక్కడ అక్కర్లేదు. కానీ దాన్ని చేసేవాళ్లు చాలా తక్కువమంది. "కట్ అవుతోంది" అని ఎవరైనా చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న "ఎన్ని సెకన్లకండీ?"

"పొద్దున్నే కాల్స్ రాకపోతే పెట్టె ఆపి మళ్లీ వేయండి"

ఆపి వేస్తే వస్తాయి, నిజమే. మర్నాడు పొద్దున మళ్లీ రావు. దీనికి మంచి ఆనవాలు ఒకటుంది. ఎవరో ఒకరు బయటికి ఒక కాల్ చేయగానే బయటి కాల్స్ కూడా మోగడం మొదలుపెడతాయి, కాసేపు ఎవరూ మాట్లాడకపోతే మళ్లీ ఆగిపోతాయి. రౌటరు తీసిన దారి మూసుకుపోతోందని దీని అర్థం.

లోపలి నుంచి బయటికి ఒక మాట వెళ్లినప్పుడు జవాబు రావడానికి నాట్ ఒక కన్నం తీసి ఉంచుతుంది. ఎంతసేపు? 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4787 రెండు నిమిషాలకు తగ్గకూడదంది. అంతకంటే చాలా ముందే మూసేసే పెట్టెలు బజారులో బోలెడున్నాయి. ట్రంక్ రిజిస్ట్రేషన్ గంటకోసారి అని పెడితే మధ్యలో కన్నం మూసుకుపోతుంది, కాల్ వచ్చి గోడకు తగిలి వెనక్కి పోతుంది. రైతు చెరువు పట్టుబడి చేసి, రొయ్యలు ఐసులో పెట్టి, తెల్లవారుజామున ఐదింటికి రేటు కోసం ఫోన్ చేస్తాడు. రాత్రంతా నిద్రపోయిన లైను అది. మోగదు. అతను ఇంకొకరికి చేస్తాడు. ఆఫీసుకు బేరం పోయిన సంగతే తెలియదు.

ప్రతి 25 సెకన్లకు ఒకసారి ఎస్‌బీసీ నుంచి కంపెనీకి ఆప్షన్స్ అనే చిన్న పలకరింపు సందేశం వెళ్లేలా పెట్టండి. దీనికి అయ్యే ఇంటర్నెట్ ఖర్చు లెక్కలోకి రాదు. ఒకటికి ఒకటి నాట్ పెట్టి, కంపెనీ చిరునామాలకు శాశ్వతంగా దారి తెరిచి ఉంటే ఈ బెడద ఎలాగూ తక్కువ. అయినా ఆప్షన్స్ ఉంచండి, ట్రంక్ పడిపోతే వెంటనే తెలుస్తుంది. ఇదే కారణంతో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గొంతు పంపడం ఆపేసే వీఏడీ అనే సదుపాయాన్ని మూసి ఉంచండి. హోల్డులో పెట్టిన కాల్ తిరిగి వచ్చేసరికి గొంతు దారి మూసుకుపోవడానికి అది ఒక కారణం.

"స్టన్ పెడితే చాలు" "క్లౌడ్‌కు మార్చేస్తే నాట్ గొడవే ఉండదు"

స్టన్ అనేది బయట ఒక సర్వరును "నేను నీకు ఏ చిరునామాగా కనబడుతున్నాను?" అని అడగడం. కొన్ని నాట్‌లు ఎవరితో మాట్లాడితే వాళ్లకు ఒక్కో పోర్టు చూపిస్తాయి. అప్పుడు స్టన్ సర్వరు చెప్పిన జవాబు ఆ సర్వరుకు నిజం, టెలిఫోను కంపెనీకి అబద్ధం. స్టాటిక్ చిరునామా ఉన్న ఎస్‌బీసీకి ఇది అవసరమే లేదు, చేత్తో రాస్తే సరిపోతుంది.

కొవ్వూరులో ఇంటి నుంచి ఫోను ఎత్తే డాక్టరు గారి లాంటి వాళ్లకు వేరే ఏర్పాటు కావాలి. ఆ ఇంటి నాట్ ఎలాంటిదో మన చేతిలో లేదు. అలాంటి ఫోన్లు ఉత్తరంలో ఏ చిరునామా రాసినా పట్టించుకోకుండా, గొంతు నిజంగా ఏ చిరునామా నుంచి వచ్చిందో దానికే తిరిగి పంపమని ఎస్‌బీసీకి చెప్పాలి. దీన్ని లాచింగ్ అంటారు. ఫోన్లవైపు దీన్ని పెట్టండి, కంపెనీ వైపు కనుక్కుని పెట్టండి. రెండు కొసల ఎస్‌బీసీలూ "ముందు నువ్వు పంపు" అని ఎదురుచూస్తూ కూర్చుంటే ఇద్దరికీ ఏమీ వినిపించదు.

క్లౌడ్ సంగతి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో డేటా సెంటర్లు తెరిచాక ఈ సలహాకు బలం వచ్చింది. మంచి దారే, ముఖ్యంగా వీధి మొత్తానికి ఒకే చిరునామా ఉన్న చోట. కానీ అక్కడ మీరు అద్దెకు తీసుకున్న మెషీన్‌కు కూడా ఉండేది లోపలి చిరునామాయే, పబ్లిక్ చిరునామా దాని ముందు నాట్‌లో ఉంటుంది. పైన చెప్పిన రెండు చిరునామాలు అక్కడా నింపాలి. నింపకుండా మార్చినవాళ్లకు అదే మూగ కాల్ హైదరాబాదు నుంచి వస్తుంది.

"కోడెక్‌లన్నీ టిక్ చేసి ఉంచండి, ఏదో ఒకటి కలుస్తుంది"

కోడెక్ అంటే గొంతును అంకెలుగా మార్చే పద్ధతి. అన్నీ పెడితే కలవదు, ఉత్తరం బరువెక్కుతుంది. ఒక్కో కోడెక్‌కు ఎస్‌డీపీలో కొన్ని వరుసలు పెరుగుతాయి. యూడీపీ మీద వెళ్లే సందేశం ఒక ప్యాకెట్‌లో పట్టకపోతే రెండు ముక్కలవుతుంది. పీపీపీఓఈ లాగిన్ ఉన్న ఫైబర్ లైన్ల మీద ప్యాకెట్ పరిమితి మామూలు 1500 బైట్ల బదులు 1492. రెండో ముక్కను దారిలో కొన్ని ఫైర్‌వాల్‌లు పారేస్తాయి. కాల్ మోగదు, ఎర్రర్ కూడా రాదు. సందేశం 1300 బైట్లు దాటితే, దారి పరిమితి తెలియనప్పుడు, టీసీపీ వాడమని ఆర్‌ఎఫ్‌సీ 3261 ఎందుకు చెప్పిందో ఇక్కడ అర్థమవుతుంది. మన దేశంలో ట్రంకులు నడిచేది జీ.711 ఏ-లా మీద. అది ఒకటి, కావాలంటే జీ.729 ఒకటి. చాలు.

"వంద ఎంబీ లైను తీసుకోండి"

జీ.711లో సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోటి కవరుతో కలిపి 200 బైట్లు. ఒక కాల్‌కు ఒక్కో వైపు 80 కిలోబిట్లు. ముప్ఫై కాల్స్‌కు 2.4 మెగాబిట్లు. వంద ఎంబీ ఎందుకు? గొంతు బొంగురుపోయేది వేగం చాలక అరుదు. చెరువు గట్టు మీది సీసీ కెమెరాల వీడియో అప్‌లోడ్ వెనక గొంతు ప్యాకెట్లు వరుసలో నిలబడితేనే ఎక్కువ. రౌటరులో అప్‌లోడ్‌కు పరిమితి వేసి, గొంతుకు మొదటి వరుస ఇవ్వండి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండేలా చూసుకోండి.

"గల్ఫ్ కాల్స్ కూడా దీంట్లో కలిపేయొచ్చు"

కోనసీమలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి తక్కువ. అందుకే ఈ సలహా ఇక్కడ వినిపిస్తుంది: విదేశాల నుంచి కాల్స్‌ను ఇంటర్నెట్ మీద మీ ఎస్‌బీసీకి తెప్పించుకుని, మీ లోకల్ లైన్ల మీదుగా ఊళ్లోకి వదిలితే నిమిషానికి ఇంత మిగులుతుంది అని. అది లైసెన్సు లేని ఎక్స్ఛేంజి నడపడం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఎవరు ఎంత దగ్గరవాళ్లయినా ఒప్పుకోకండి.

"మన ఫోన్ల మధ్య మాట్లాడి చూశాం, బాగానే ఉంది"

లోపలి ఫోన్ల మధ్య మాట నాట్‌ను తాకదు. ఆ పరీక్ష దేన్నీ రుజువు చేయదు. వైఫై ఆపేసిన మొబైల్ నుంచి ట్రంక్ నంబరుకు కాల్ చేయండి. రెండు వైపులా వినబడాలి, నిమిషం దాటాలి. హోల్డులో రెండు నిమిషాలు ఉంచి తీయండి, వినబడాలి. లోపలి నుంచి బయటికి చేసి అవతలి రింగు ముందే వినిపిస్తోందో లేదో చూడండి. ఆఫీసు మూసిన రాత్రి గడిచాక, పొద్దున మొదటి కాల్ బయటి నుంచే చేయండి. ఏదైనా తప్పితే, ఏ సెట్టింగూ మార్చకముందే ఎస్‌బీసీ బయటి ఇంటర్‌ఫేసులో క్యాప్చర్ తీసి వైర్‌షార్క్ అనే ప్రోగ్రాములో తెరవండి. కాంటాక్ట్ వరుస చూడండి, ఎస్‌డీపీలో సీ అక్షరంతో మొదలయ్యే వరుస చూడండి. రెండింటిలో ఎక్కడైనా 192.168 గాని 10 గాని కనిపిస్తే జబ్బు అక్కడే ఉంది. ఇది నేర్చుకోవడానికి పాలిటెక్నిక్ చదివిన కుర్రాళ్లకు ఒక సాయంత్రం చాలు. ఊరూరా ఫైబర్ లాగుతున్న కుర్రాళ్లు ఈ ఒక్క పని నేర్చుకుంటే ఎన్ని ఆఫీసులకో మేలు.

కరెంటు గురించి కూడా ఒక మాట. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టులు వచ్చేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది. ఇప్పుడు ఎస్‌బీసీని ఇన్వర్టరు మీద పెడతారు, కిటికీ పక్కన వేలాడే ఫైబర్ పెట్టెను మరిచిపోతారు. తుఫాను రాత్రి ఆసుపత్రి ఫోను మూగబోవడానికి ఆ ఒక్క ప్లగ్గు చాలు. ఫైబర్ పెట్టె, రౌటరు, స్విచ్, ఎస్‌బీసీ నాలుగూ ఒకే ఇన్వర్టరు మీద ఉండాలి.

"పనిచేస్తోంది కదా, ఇక ముట్టుకోకండి"

మీరు ముట్టుకోకపోయినా పిడుగు ముట్టుకుంటుంది. వేసవి చివర ఉరుముల్లో ఫైబర్ పెట్టెలు పోవడం మన దగ్గర మామూలే. ఆపరేటరు కుర్రాడు వచ్చి కొత్త పెట్టె పెట్టి, నెట్ వచ్చిందో లేదో చూసి వెళ్లిపోతాడు. కొత్త పెట్టెలో ఏఎల్‌జీ మళ్లీ ఆన్ అయి ఉండొచ్చు. లోపలి నెట్‌వర్కు 192.168.1 బదులు 192.168.100 అయి ఉండొచ్చు. ఫార్వర్డ్ చేసిన పోర్టులు ఉండవు. ఎస్‌బీసీ పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంచండి. పబ్లిక్ చిరునామా, ఎస్‌బీసీ లోపలి చిరునామా, ఆర్‌టీపీ పోర్టుల వరుస, టెలిఫోను కంపెనీ చిరునామాలు, ఏఎల్‌జీ ఆపి ఉండాలన్న మాట అందులో రాయండి. పాస్‌వర్డులు మాత్రం దాని మీద వద్దు. పెట్టె మార్చిన రోజు, ఆ కుర్రాడు నిచ్చెన మడిచి బండి ఎక్కకముందే, మొబైల్ నుంచి ఒక కాల్ చేయించి నిమిషం దాటేవరకూ అతనితోనే మాట్లాడండి.